మేడ మీది టవర్... మన మీద ఎంత?

వీడియో ఆగకూడదు, మాట తెగకూడదు. టవర్ మాత్రం మన వీధిలో ఉండకూడదు! నగరాల్లో ఏ ఇరుకు కాలనీలో అడిగినా వినిపించే మాట ఇదే. ఈ భయంలో నిజం పాలెంత? జాగ్రత్త పడాల్సింది ఎక్కడ? లెక్క ఎవరిని అడగాలి?

హైదరాబాద్ అమీర్‌పేటలో ఏదైనా హాస్టల్ డాబా ఎక్కి చుట్టూ చూడండి. తీగల మీద ఆరేసిన జీన్సు ప్యాంట్లు, వరసగా నల్లటి నీళ్ల ట్యాంకులు, వాటి వెనక ఇనుప స్తంభాలకు బిగించిన తెల్లటి పొడుగాటి పెట్టెలు. కింద ఒక్కో గదిలో నలుగురైదుగురు కుర్రాళ్లు, ఒక్కొక్కరి చేతిలో ఒక ఫోను. సాయంత్రం మైత్రీవనం దగ్గర నిలబడితే భుజాలు రాసుకునేంత జనం. వాళ్లంతా ఒకేసారి మాట్లాడాలి, పాఠాలు వినాలి, మిర్చిబజ్జీల బండి దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. ఒక టవర్ ఒక్కసారిగా మోయగల భారానికి హద్దుంటుంది. అందుకే జనం ఎక్కడ కిక్కిరిస్తే టవర్లూ అక్కడే కిక్కిరుస్తాయి.

ఆ తెల్ల పెట్టె ఎదురింటి మీదికి ఎక్కిన నాటి నుంచి కొన్ని ఇళ్లలో కంటి మీద కునుకుండదు. అమ్మమ్మకు తలనొప్పి వచ్చినా, పిల్లాడు అన్నం సరిగా తినకపోయినా చూపు పైకే పోతుంది. అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో నెలనెలా వచ్చే అద్దె గురించి ఒకరు చెబుతుంటే, పై అంతస్తు ఆవిడ లేచి ‘అద్దె మీకు, రేడియేషన్ మాకా?’ అంటుంది. ఆ ప్రశ్నకు కంపెనీ మనిషి దగ్గర ఒకటే జవాబు: ‘ఏమీ కాదమ్మా, ప్రభుత్వ అనుమతి ఉంది’. ఆవిడ అడిగింది అనుమతి గురించి కాదు. తన ఇంట్లోకి ఎంత వస్తోందని. ఆ ‘ఎంత’ చుట్టూ తిరిగేదే ఈ కథంతా.

గ్వాలియర్‌లో ఒక టవర్

ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సందర్భం ఒకటుంది. మధ్యప్రదేశ్‌లోని గ్వాలియర్, దాల్‌బజార్ ప్రాంతం. అక్కడ ఒక ఇంట్లో పనిచేసే వ్యక్తికి హాడ్జ్‌కిన్స్ లింఫోమా అనే క్యాన్సర్ వచ్చింది. పక్కింటి డాబా మీద 2002లో బీఎస్ఎన్ఎల్ టవర్ పెట్టారని, తాను పనిచేసే ఇంటికి అది 50 మీటర్ల దూరం కూడా లేదని, ఏళ్ల తరబడి దాని రేడియేషన్ తగలడం వల్లే జబ్బు చేసిందని ఆయన వాదన. 2017లో సుప్రీంకోర్టు ఆ టవర్‌ను ఏడు రోజుల్లో ఆపేయమని ఆదేశించింది. ఒక్క మనిషి పెట్టుకున్న మొరతో టవర్ ఆగిపోవడం దేశమంతటా పెద్ద వార్తయింది.

అయితే కోర్టు చేసింది ఆ ఒక్క టవర్‌ను ఆపమనడం. ‘టవర్ వల్లే క్యాన్సర్’ అని శాస్త్రం తరఫున తీర్పు చెప్పలేదు. జనం నోట్లో పడేసరికి రెండూ ఒకటైపోయాయి. అంతకు ముందు 2012 నవంబరులో రాజస్థాన్ హైకోర్టు బడులు, ఆసుపత్రులు, ఆటస్థలాల దగ్గర్నుంచి టవర్లు తీసేయమంది. పిల్లల విషయంలో ముందుజాగ్రత్త మంచిదన్నది ఆ ఆలోచన. భయపడే తల్లిదండ్రులకు ఇవి కొండంత అండ. కంపెనీలకు మింగుడుపడని ముద్దలు. మధ్యలో అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది.

దీపం కింద చీకటి

టవర్ అనగానే మన ఊహలో ఒక షవర్ ఉంటుంది. పైనుంచి కురుస్తుంది, కింద ఉన్నవాడు తడుస్తాడు. నిజానికి యాంటెన్నా పని ప్రహరీగోడ మీద పెట్టిన టార్చిలైటు లాంటిది. వెలుగు ఎదురుగా, బల్లపరుపుగా, కాస్త కిందికి వాలి పోతుంది. ప్రధాన కిరణం నేలను తాకేది సాధారణంగా 50 నుంచి 300 మీటర్ల అవతల. సరిగ్గా టవర్ కింద ఉన్న ఇంట్లో చాలాసార్లు తక్కువే ఉంటుంది. దీపం కింద చీకటి అన్న సామెతను ఇంజినీర్లు ఇనుముతో కట్టి చూపించారన్నమాట. మన మేడ మీద టవర్ ఉందంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఎదురు వరసలో అదే ఎత్తున ఉన్న ఇంటి కిటికీ గురించి.

రెండో సంగతి దూరం. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. పది రెట్లు పెరిగితే నూరో వంతుకు. మామూలు యాంటెన్నా ఒకటి 20 వాట్ల శక్తితో, దాన్ని ఒకవైపుకే పోగుచేసి పంపుతోందనుకుందాం. నేరుగా దాని ఎదుట వంద మీటర్ల దూరంలో చదరపు మీటరుకు అందేది సుమారు 0.008 వాట్లు. పది మీటర్ల దూరంలో సుమారు 0.8 వాట్లు. ఇవి కాగితం మీది లెక్కలే. మధ్యలో గోడలుంటాయి, ఒకే స్తంభానికి రెండు మూడు కంపెనీల పెట్టెలూ ఉంటాయి. అయినా ఒక విషయం తేటతెల్లం. నూరు మీటర్లలో కథ వేరు, పది మీటర్లలో కథ వేరు. ‘టవర్లు ప్రమాదం’ అనే గంపగుత్త మాటా, ‘టవర్లతో ఏమీ కాదు’ అనే గంపగుత్త మాటా ఈ తేడాను మింగేస్తున్నాయి.

హద్దు ఎలా గీశారు?

సెల్‌టవర్ పంపేవి రేడియో తరంగాలు. ఎక్స్‌రేల మాదిరిగా అణువుల్ని చీల్చి డీఎన్‌ఏను నేరుగా తెంపేంత శక్తి వీటికి లేదు. మోతాదు బాగా ఎక్కువైతే ఒంటిని వేడెక్కించగలవు. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ చేసేది అదే. నిర్ద్వంద్వంగా రుజువైన ప్రభావం కూడా అదే. ప్రపంచ ప్రమాణాలు ఆ వేడి చుట్టూనే పుట్టాయి.

ఇక్నిర్ప్ అనే అంతర్జాతీయ శాస్త్రవేత్తల సంఘం 1998లో ఆ లెక్క కట్టింది, 2020లో దాన్ని సవరించింది. కిలో శరీర బరువుకు 4 వాట్ల చొప్పున ఇంకితే ఒంటి వేడి దాదాపు ఒక డిగ్రీ వరకు పెరగొచ్చు. అక్కడ మొదలుపెట్టి, టవర్ల దగ్గర పనిచేసే వాళ్లకు పదో వంతు, సాధారణ జనానికి యాభయ్యో వంతు అని గీత గీశారు. జనంలో పసిపిల్లలుంటారు, గర్భిణులుంటారు, రోగులుంటారు. పైగా తమ మీద ఏం పడుతోందో వాళ్లకు తెలియదు. ఆ గీత ప్రకారం 900 మెగాహెర్ట్జ్ తరంగాలకు చదరపు మీటరుకు 4.5 వాట్లు హద్దు.

మన దేశం 2008లో ఈ ప్రమాణాన్ని తీసుకుంది. జనంలో ఆందోళన పెరగడంతో మంత్రిత్వశాఖల ఉమ్మడి సంఘం పరిశీలించింది. 2012 సెప్టెంబరు 1 నుంచి టెలికం శాఖ ఆ హద్దును మళ్లీ పదో వంతుకు తగ్గించింది. అంటే 900 మెగాహెర్ట్జ్‌కు 0.45 వాట్లు. వేడెక్కించే మోతాదులో అయిదు వందల్లో ఒక వంతు. ఇటలీ ఇంకాస్త బిగించి మీటరుకు 6 వోల్టుల దగ్గర గీత గీసుకుంది. అదే కొలతలో మనది సుమారు 13 వోల్టులు. 5జీ అవసరాల పేరిట ఇటలీ 2024లో దాన్ని 15 వోల్టులకు పెంచింది. గీత ఎక్కడ ఉండాలన్నది శాస్త్రం ఒక్కటే తేల్చదని, ఎంత జాగ్రత్త చాలన్నది ప్రతి దేశమూ తన జనంతో, తన కంపెనీలతో బేరమాడుకుని తేల్చుకుంటుందని దీన్నిబట్టే అర్థమవుతుంది.

మరి టవర్ల చుట్టూ వాస్తవంగా ఉండేదెంత? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన సమాచారం ప్రకారం జనం తిరిగే చోట్ల కొలతలు అంతర్జాతీయ హద్దులో 0.002 శాతం నుంచి 2 శాతం దాకా ఉన్నాయి. అదే పత్రంలో మరో ఆసక్తికరమైన మాట ఉంది. తీవ్రత ఒకే స్థాయిలో ఉంటే సెల్‌టవర్ల కంటే ఎఫ్ఎం రేడియో, టీవీ ప్రసారాల నుంచి మన ఒళ్లు అయిదు రెట్ల దాకా ఎక్కువ ఇంకించుకుంటుంది. ఆ తరంగాల పొడవు మనిషి నిలువుకు సరిపోలి, ఒళ్లే యాంటెన్నా అవుతుంది మరి. దశాబ్దాలుగా రేడియో పాటలు వింటూ మనం భయపడనిది వాటికి, భయపడుతున్నది వీటికి.

కలబంద, కాఫీ, క్యాన్సర్

‘డబ్ల్యూహెచ్ఓ వాళ్లే క్యాన్సర్ కారకమన్నారు’ అనే మాట వాట్సాప్‌లో తిరగని కాలనీ లేదు. దాని వెనక ఉన్నది 2011 మే 31 నాటి ప్రకటన. డబ్ల్యూహెచ్ఓ, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఫ్రాన్స్‌లోని లియాన్‌లో పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను ‘2బీ’ జాబితాలో చేర్చింది. క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉంది, రుజువులు మాత్రం అరకొర అని దానర్థం. కలబంద ఆకు మొత్తాన్ని పిండి తీసిన సారం, తూర్పు ఆసియాలో సంప్రదాయంగా ఊరబెట్టే కూరగాయలు కూడా అదే జాబితాలో ఉన్నాయి. మన కాఫీ కూడా 2016 దాకా అక్కడే ఉండి బయటపడింది. ఇంకో ముఖ్యమైన సంగతి: ఆ నిర్ణయానికి ఆధారం ఎక్కువగా చెవికి ఆనించి ఫోన్ మాట్లాడిన వాళ్ల మీది అధ్యయనాలు. టవర్ల మీద దొరికిన రుజువులు చాలవని ఆ సంస్థే అంది.

ఆ తర్వాత? అమెరికా ప్రభుత్వ సంస్థ 2018లో ఎలుకల మీద చేసిన పెద్ద ప్రయోగం ఫలితాలు బయటపెట్టింది. రోజుకు తొమ్మిది గంటల చొప్పున రెండేళ్లు, ఒళ్లంతా, మనుషులకు విధించిన హద్దుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు. మగ ఎలుకల గుండెల్లో ఒక రకం కణితులు కనిపించాయి. విచిత్రంగా ఆ ఎలుకలే మిగతా వాటి కంటే ఎక్కువ కాలం బతికాయి. మనుషుల సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద 63 పరిశోధన పత్రాలను జల్లెడ పట్టిన సమీక్ష ఒకటి 2024లో వచ్చింది. మొబైల్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదని తేల్చింది. లియాన్ సంస్థకు సలహాలిచ్చే నిపుణులు మాత్రం ఈ అంశాన్ని మళ్లీ తూచి చూడటం ముఖ్యమని 2019లోనే సూచించారు. ఇప్పటిదాకా ఉన్న సాక్ష్యం భయాన్ని బలపరచడం లేదు, తలుపు మాత్రం పూర్తిగా మూసుకోలేదు.

మరి తలనొప్పి, నిద్రలేమి? ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో ఒక ప్రయోగం చేశారు. టవర్ తరంగాలు తమకు పడవని చెప్పేవాళ్లను కూర్చోబెట్టారు. యంత్రం నడుస్తోందని చెప్పినప్పుడు వాళ్లకు ఇబ్బంది ఎక్కువైంది. చెప్పకుండా నడిపినప్పుడు, నడుస్తోందో ఆగిందో వాళ్లు పోల్చుకోలేకపోయారు. అలాగని వాళ్లది నటన కాదు. తలనొప్పి నిజమైన తలనొప్పే. మనకు చెప్పకుండా మన నెత్తిన ఏదో పెట్టారన్న ఆందోళన కూడా ఒంటిని కుంగదీస్తుంది. ‘ఏమీ కాదమ్మా’ అన్న పొడిమాట దానికి మందు కాదు.

పతంగుల పండగనాడు

అసలు జాగ్రత్త పడాల్సిన చోటు మీద మన దృష్టి పడటం లేదు. అది డాబాయే.

హైదరాబాద్‌లో సంక్రాంతి వస్తే ఊరంతా డాబాల మీదే ఉంటుంది. చర్ఖా పట్టుకున్న పిల్లలు వెనక్కి వెనక్కి నడుస్తారు. చూపంతా ఆకాశంలో పతంగి మీద. ఆ వెనక, మనిషి తలెత్తున, పొట్టి స్తంభానికి బిగించిన యాంటెన్నా ఉంటే? దానికి ఎదురుగా రెండు మూడు మీటర్లలో నిలబడితే నూరు మీటర్ల లెక్కలేవీ పనికిరావు. అక్కడ హద్దు దాటే వీలుంది. వేసవిలో వడియాలు పెట్టేవాళ్లు, ట్యాంకు కడిగేవాళ్లు, గోడకు రంగు వేసే కూలీలు, డిష్ సరిచేసే కుర్రాడు వెళ్లేదీ అక్కడికే.

అందుకే టెలికం శాఖ 2013లో యాంటెన్నా ఎదుట, అదే ఎత్తులో ఉండే ఇళ్లకు కనీస దూరాలు సూచించింది. ఒక యాంటెన్నా ఉంటే 20 మీటర్లు, రెండుంటే 35, నాలుగుంటే 45. ఇరుకు బస్తీల్లో కిటికీలోంచి చెయ్యి చాపితే పక్కింటి గోడ తగులుతుంది. అక్కడ 35 మీటర్లు ఎక్కడి నుంచి తేవాలి? స్తంభాన్ని ఇంకాస్త పైకి లేపడం, ముఖం తిప్పడం, శక్తి తగ్గించడం, దగ్గరికెళ్లే మెట్ల తలుపుకు తాళం వేసి హెచ్చరిక బోర్డు పెట్టడం... దారులివే. మీ డాబా మీద ఈ తాళం, ఈ బోర్డు ఉన్నాయా? టవర్ వద్దని ధర్నాకు దిగే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. పాత భవనం ఆ బరువు మోయగలదా, జనరేటర్ మోతకు రాత్రి నిద్ర పడుతోందా అన్నవీ అడగాల్సినవే. వాటిని నిరూపించడానికి ఏ ఎలుకల ప్రయోగమూ అక్కర్లేదు.

జేబులో ఉన్న టవర్

ఇంకో తిరకాసు ఉంది. టవర్ మాట్లాడితే ఫోను వినడం, ఫోను మాట్లాడితే టవర్ వినడం, రెండూ జరగాలి. టవర్ దూరమైతే ఫోను గొంతు పెంచుతుంది. పొలం అవతలి గట్టు మీద మనిషిని పిలవాలంటే మనం కేకేసినట్టే. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నప్పుడు గుసగుసలాడే ఫోను, ఒక్క గీత మీద ఉన్నప్పుడు గొంతు చించుకుంటుంది. ఆ అరుపు సరిగ్గా మన చెవి పక్కనే. టవర్ తీయించేశామని సంబరపడే కాలనీలో, చెవి దగ్గరి ఫోను విడుదల చేసేది పెరగొచ్చు. తలకు అందే మోతాదులో పెద్ద వాటా సాధారణంగా ఎదురింటి మేడది కాదు, మన అరచేతిలో ఉన్నదానిదే.

ఫోనుకూ హద్దుంది. 2012 నుంచి మన దేశంలో అమ్మే ఫోన్లు తలకు కిలోకు 1.6 వాట్లు మించకూడదు. చాలా ఫోన్లలో స్టార్ హ్యాష్ 07 హ్యాష్ కొడితే ఆ అంకె కనిపిస్తుంది.

ఇలా చేస్తే మేలు

• ఎక్కువసేపు మాట్లాడాలంటే ఇయర్‌ఫోనో స్పీకరో వాడండి. ఫోను చెవికి కాస్త ఎడమైతే చాలు, మోతాదు బాగా పడిపోతుంది.
• లిఫ్టులో, సెల్లార్‌లో, ఒక్క గీత సిగ్నల్‌లో పొడుగు కబుర్లు వద్దు.
• దిండు కింద ఫోను పెట్టుకుని పడుకోవద్దు. తరంగాల మాట అటుంచి, నిద్రకు మంచిది.
• డాబా మీద యాంటెన్నా ముఖానికి ఎదురుగా నిలబడొద్దు, పిల్లల్ని ఆడనివ్వొద్దు.
• రేడియేషన్‌ను పీల్చేస్తాయంటూ అమ్మే స్టిక్కర్లకు డబ్బు పోయొద్దు.

పుకార్లకు సిగ్నల్ ఎప్పుడూ ఫుల్లే

2020 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో 5జీ వల్లే కరోనా వస్తోందని నమ్మి టవర్లకు నిప్పు పెట్టారు. ఏడాది తర్వాత రెండో ఉద్ధృతిలో అదే పుకారు మన దేశంలోనూ పాకింది. అప్పటికి ఇక్కడ 5జీ పరీక్షలే మొదలుకాలేదని టెలికం శాఖ 2021 మేలో వివరణ ఇవ్వాల్సి వచ్చింది. 5జీ సేవలు వచ్చింది 2022 అక్టోబరులో. నటి జుహీ చావ్లా 5జీకి వ్యతిరేకంగా వేసిన దావాను ఢిల్లీ హైకోర్టు 2021 జూన్‌లో కొట్టేసింది. అంతకు ముందు 2018లో వచ్చిన రజనీకాంత్ ‘2.0’ సినిమా పిచ్చుకల ఉసురును సెల్‌ఫోన్ల ఖాతాలో వేసింది. పెంకుటిళ్ల చూరులు పోయి, వాకిట్లో చెరిగే నూకలు పోయి, తోటల్లో పురుగులు పోయాక పిచ్చుక ఎక్కడ గూడు కట్టాలన్నది సినిమాకు ఎక్కని కథ.

టవర్ పెడతాం, ఫీజు కట్టండి!

‘మీ స్థలంలో టవర్ పెడతాం. లక్షల్లో అడ్వాన్సు, నెలనెలా అద్దె. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి’ అని ఫోన్ వస్తే పెట్టేయండి. టవర్ల కోసం టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఎవరికీ అనుమతి పత్రాలు ఇవ్వదు, జనం నుంచి డబ్బు కట్టించుకోదు. తరంగాల కంటే ముందు జేబుకు చిల్లు పెట్టేది ఇదే.

కొలిచి చూపండి

పెట్రోలు బంకులో అనుమానం వస్తే అయిదు లీటర్ల కొలపాత్ర తెమ్మని అడగొచ్చు. బంకువాళ్లు మన కళ్ల ముందే కొలిచి చూపాలి. దానికి రుసుం లేదు. కిరాణా కొట్టు కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. కొట్టువాడి మంచితనం మీద కాకుండా ఆ ముద్ర మీద నమ్మకంతోనే మనం పప్పు తెచ్చుకుంటాం.

టవర్లకూ కొలత ఉంది. ప్రతి టవర్ హద్దుకు లోబడి ఉన్నట్టు కంపెనీ స్వయంగా ధ్రువపత్రం ఇవ్వాలి. టెలికం శాఖ క్షేత్ర సిబ్బంది కొన్నింటిని ఎంచి పరికరాలతో తనిఖీ చేస్తారు. హద్దు దాటితే ఒక్కో బేస్ స్టేషన్‌కు 10 లక్షల రూపాయల జరిమానా అని 2013లో నిర్ణయించారు. 2017 మేలో ‘తరంగ్ సంచార్’ పోర్టల్ వచ్చింది. మన చుట్టుపక్కల టవర్లు ఎక్కడున్నాయో, నిబంధనలకు లోబడి ఉన్నాయో లేదో అందులో చూడొచ్చు. మన ఇంటి దగ్గరే కొలవమని కోరే వీలూ కల్పించారు. అందుకు పెట్టిన రుసుం 4,000 రూపాయలు.

అమీర్‌పేట హాస్టల్ కుర్రాడికి అది దాదాపు నెల మెస్సు ఖర్చు. గ్వాలియర్‌లో ఇంటిపని చేసే మనిషికైతే చెప్పనక్కర్లేదు. కోర్టు దాకా వెళ్లగలిగాడు గానీ, తనుండే చోట అంకె ఎంతో తెలుసుకోవడానికి ఆయనకు ముందే ఓ తేలిక దారి ఉండి ఉంటే? తక్కువని తేలితే గుండె మీది బరువు దిగేది. ఎక్కువని తేలితే టవర్ అప్పుడే దిగేది.

అందుకే ఇరుకు బస్తీల్లో, బడుల పక్కన, ఆసుపత్రుల ఎదుట కొలతలు అడక్కుండానే జరగాలి. కట్టగలిగిన వాళ్లకే అందే కొలత, సగం కొలతే. ఆ అంకె కంప్యూటర్‌లో ఎక్కడో ఉంటే చాలదు, లిఫ్టు పక్కన గోడ మీద ఉండాలి. ఏ తేదీన, ఏ అంతస్తులో, ఎన్ని వాట్లు, హద్దు ఎంత అని నాలుగే వరసలు, తెలుగులో, ఆ మేడ మీద పెట్టె పెట్టుకున్న కంపెనీ ముద్రతో. పై అంతస్తు ఆవిడ కిందికి దిగొచ్చి, కళ్లద్దాలు సవరించుకుని చదువుకుంటుంది. ఆ తర్వాత కూడా ఆవిడ పోట్లాడితే పోట్లాడనివ్వండి. ఈసారి ఆవిడ చేతిలో ఒక అంకె ఉంటుంది.